ఏ మైనం మేలన్నది సరే, మైనంలో రైతు వాటా ఎంత?

పట్నం దుకాణాల్లో ఇప్పుడు సువాసన కొవ్వొత్తులకు మంచి గిరాకీ ఉంది. గాజు గ్లాసులో పోసి, మూత పెట్టి, పైన ఓ ఆకు బొమ్మ వేసి "సోయా మైనం", "కొబ్బరి మైనం", "నూటికి నూరుపాళ్లు మొక్కల మైనం", "పామ్ కలపలేదు" అని రాస్తున్నారు. రెండు వందల గ్రాముల సరుకును నాలుగైదు వందలకు, పేరున్న కంపెనీదైతే వెయ్యికి పైన కూడా అమ్ముతున్నారు.

గెలల ధర, ధాన్యం డబ్బులు, యూరియా కొరత ఇన్ని సమస్యలుండగా కొవ్వొత్తుల గొడవ మన పత్రికకు ఎందుకని సభ్యులు అడగొచ్చు. అడగాల్సిందే. మేం చెప్పే కారణాలు రెండు.

ఒకటి, ఆ గ్లాసు మీద రాసిన పేర్లన్నీ మన పంటల పేర్లే. సోయా అంటే ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి రైతులు. కొబ్బరి అంటే కోనసీమ, ఉద్దానం. పామ్ అంటే ఏలూరు, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం. ఆముదం అంటే పాలమూరు, నల్లగొండ, కర్నూలు మెట్ట భూములు. తవుడు మైనం అంటే వరి వేసే ప్రతి ఊరూ. రెండు, కొవ్వొత్తుల తయారీ నేర్పిస్తామని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లకు శిక్షణలు ఇస్తున్నారు. అప్పు తీసి మైనం కొనేది మన ఇళ్లలోని వాళ్లే. ఏ మైనం మంచిదో వాళ్లకు చెప్పేది మాత్రం ఎక్కువగా ఆ మైనం అమ్మేవాళ్లే.

మా మాట ముందే చెబుతాం. మొక్కల మైనాల్లో మన రాష్ట్రాలకు, మన ఎండకు, మన అవసరాలకు సరిపోయేవి రెండే. ఒకటి తవుడు మైనం, రెండోది పామాయిల్ నుంచి విడదీసే గట్టి కొవ్వు. సోయా, కొబ్బరి వంటింట్లో ఉండాల్సినవి. కానీ ఏ మైనం వాడినా సరే, ధర లెక్క ముడి సరుకు దగ్గరే ఆగిపోయినంత కాలం రైతుకు దక్కేది ఏమీ ఉండదు. ఈ వ్యాసంలో ముందు మైనాల సంగతి చూద్దాం, తర్వాత లెక్క సంగతి చూద్దాం.

పేరులోనే కొవ్వు ఉంది

కొవ్వొత్తి అంటే కొవ్వుతో చేసిన వత్తి. పశువుల కొవ్వు కరిగించి వత్తి చుట్టూ పోసిన రోజుల్లో పుట్టిన పేరది. మన ఇళ్లలో దీపం మాత్రం నూనెదే. మెట్టలో ఆముదం, ఏజెన్సీలో ఇప్ప నూనె, గుడిలో నువ్వుల నూనె.

మొక్కల నూనెతో కొవ్వొత్తి చేయడం ఈనాటి కొత్త ఆలోచన అనుకుంటే పొరపాటు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో షెవ్రోల్ అనే శాస్త్రవేత్త కొవ్వులోంచి గట్టిగా ఉండే స్టియరిక్ ఆమ్లాన్ని విడదీయవచ్చని చూపించాడు. 1830 తర్వాత లండన్‌లోని ప్రైస్ కంపెనీ సిలోను కొబ్బరి నూనెతో, పశ్చిమాఫ్రికా పామాయిల్‌తో కొవ్వొత్తులు తయారు చేసింది. ఆఫ్రికా వాళ్ల దగ్గర పామాయిల్ కొంటే బానిసల వ్యాపారం ఆగిపోతుంది, కాబట్టి మా కొవ్వొత్తి కొనడం పుణ్యకార్యం అని ప్రచారం చేసి మరీ అమ్మారు. ఈనాటి ఆకు బొమ్మకు అది పెద్దక్క లాంటిది. ఆ నూనె వ్యాపారం వెంటే నైజీరియాలోకి కంపెనీ పాలన, దాని వెనక బ్రిటిష్ వలస పాలన నడిచి వచ్చాయి. నూనె తీసిన వాళ్లకు మిగిలింది అదీ.

తర్వాత పెట్రోలియం నుంచి పారఫిన్ మైనం వచ్చింది. అది చవక. పుణ్యకార్యం అని కొన్నవాళ్లు కూడా చవక వైపే వెళ్లారు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ కొవ్వొత్తులు పారఫిన్‌వే. మన దేశంలో అస్సాంలోని నుమాలిగఢ్ రిఫైనరీ ఆ మైనానికి పెద్ద ఉత్పత్తిదారు.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నామంటే, మంచి మాటల మీద నడిచే గిరాకీని నమ్ముకుని పంట మార్చకూడదు. చవక సరుకు వచ్చిన రోజున మంచి మాటలు మాయమవుతాయి, చెట్టు మాత్రం మన పొలంలో ఉండిపోతుంది. పామ్ మొక్క పెట్టామంటే పాతికేళ్లకు పైగా దానితో కాపురం చేయాలి.

నూనె మైనం ఎలా అవుతుంది

వనస్పతి అందరికీ తెలుసు. మన ఊళ్లలో డాల్డా అంటాం. నూనెకు హైడ్రోజన్ పట్టిస్తే అది గడ్డకడుతుంది. సగం పట్టిస్తే వనస్పతి, ఇంకా పట్టిస్తే మైనం. సోయా మైనం, కొబ్బరి మైనం, ఆముదం మైనం అన్నీ ఈ దారిలో వచ్చేవే. పామాయిల్‌కు ఇంకో సులువు ఉంది. దాన్ని నెమ్మదిగా చల్లబరిస్తే నూనె పైకి, గట్టి కొవ్వు కిందికి విడిపోతాయి. పైది పామోలిన్, మనం వంటకు కొనేది. కిందిది స్టియరిన్. తవుడు మైనం దారే వేరు. అది తవుడు నూనెలో పుట్టుకతోనే ఉంటుంది. నూనెను మబ్బుగా చేస్తుంది కాబట్టి శుద్ధి చేసేటప్పుడు చల్లబరచి వడగట్టి తీసేస్తారు.

ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

సోయా మైనం: అమెరికాలో 1990లలో మొదలైంది. అక్కడి సోయా రైతులు తాము అమ్మిన పంట విలువలో అర శాతం ఒక నిధికి కడతారు. పంటకు కొత్త ఉపయోగాలు వెతకడానికి, ప్రచారానికి ఆ డబ్బు వాడతారు. అలా ముందుకొచ్చిన వాటిలో కొవ్వొత్తి ఒకటి. ఇది మెత్తని మైనం, గ్లాసులో పోసేది సుమారు 50 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. నెమ్మదిగా కాలుతుంది, వాసన బాగా పట్టుకుంటుంది. పోసిన తర్వాత వారం, రెండు వారాలు ఆగితేనే వాసన సరిగ్గా వస్తుంది. పైన తెల్లగా బూజు పట్టినట్టు మచ్చలు వస్తాయి, అది దాని గుణం. అమెరికా సోయాలో నూటికి తొంభై పాళ్లకు పైన జన్యుమార్పిడి విత్తనమే. మన పొలంలో ఆ విత్తనానికి అనుమతి లేదు. "సహజ సోయా" అని రాసిన దిగుమతి సంచి కొనేటప్పుడు ఈ మాట గుర్తుండాలి.

కొబ్బరి మైనం: వాసన పట్టడంలో దీనికి మంచి పేరు. కానీ హైడ్రోజన్ పూర్తిగా పట్టించినా 35 డిగ్రీల లోపే మెత్తబడుతుంది. మన వైశాఖంలో అది కొవ్వొత్తి కాదు, పాయసం. అందుకే బజార్లో కొబ్బరి మైనం పేరుతో దొరికేది చాలావరకు మిశ్రమం. అందులో సోయా ఉండొచ్చు, పారఫిన్ కూడా ఉండొచ్చు. ఎంత శాతం అన్నది సంచి మీద ఉండదు.

పామ్ మైనం: గట్టిది, సుమారు 60 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. గ్లాసు లేకుండా నిలబడే కొవ్వొత్తికి సరిపోతుంది. నెమ్మదిగా ఆరనిస్తే పైన ఈకల్లాంటి గీతలు పడతాయి, అదే దాని అందం. తొందరపడి చల్లార్చితే లోపల గుల్ల పడుతుంది.

ఆముదం మైనం: చాలా గట్టిది, 85 డిగ్రీల పైన కరుగుతుంది, పెళుసు. ఒంటరిగా కొవ్వొత్తికి పనికిరాదు, మెత్తని మైనాన్ని గట్టిపరచడానికి కొద్దిగా కలుపుతారు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కానీ, ప్రపంచ ఆముదంలో అత్యధిక భాగం మన దేశానిదే. ఈ ఒక్క పంటలో నిజంగానే మనం మహావృక్షం. అయినా ఆముదానికి కనీస మద్దతు ధర లేదు. మద్దతు ధర ప్రకటించే నూనె గింజల జాబితాలో దాని పేరే లేదు.

తవుడు మైనం: ఇదీ గట్టిదే, 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. జపాన్‌లో దీనితోనే కొవ్వొత్తులు పోసేవాళ్లు ఉన్నారు. మన దగ్గర మిఠాయిలకు, మందు బిళ్లలకు, పాలిష్‌లకు వెళుతుంది. మెత్తని మైనంలో కొంచెం కలిపితే ఎండకు నిలబడుతుంది.

బ్రెజిల్ నుంచి వచ్చే కార్నౌబా అనే తాటిజాతి ఆకుల మైనం కూడా మొక్కలదే. ఆ ఆకులు కోసే కూలీలను బానిసల్లా ఉంచిన చోట్ల నుంచి అక్కడి కార్మిక శాఖ అధికారులు పలుమార్లు విడిపించారు. మొక్కలది అన్నంత మాత్రాన మనుషులకు న్యాయం జరిగిందని కాదు.

కొనే ఆడవాళ్లకు నాలుగు మాటలు

మన దగ్గర వేసవిలో 45 డిగ్రీలు మామూలే. ఆటోలో, ఆర్టీసీ కార్గోలో పెట్టె లోపల ఇంకా ఎక్కువ. ఉత్తి సోయా, ఉత్తి కొబ్బరి మైనంతో చేసిన సరుకు మార్చి నుంచి జూన్ దాకా రవాణాలోనే పాడవుతుంది. కాబట్టి పామ్ స్టియరిన్ ఎక్కువ పాళ్లు ఉన్న మిశ్రమం, అందులో కొద్దిగా తవుడు మైనం కలిపింది ముందు చూడండి. పది కిలోలతో ప్రయత్నించండి, నెల రోజులు ఇంట్లో వెలిగించి చూడండి, ఆ తర్వాతే క్వింటాళ్ల లెక్క.

సువాసన నూనె మైనం బరువులో ఆరు నుంచి పది శాతం మించితే మైనం పట్టుకోలేదు, చెమట పట్టినట్టు పైకి తేలుతుంది. ఈ సువాసనల్లో ఎక్కువ భాగం పెట్రోలియం నుంచి తయారయ్యేవే. మైనం మొక్కలది, వాసన పెట్రోలుది అయితే "నూటికి నూరుపాళ్లు సహజం" అని రాయకూడదు. నిమ్మగడ్డి, పామరోజా, వట్టివేరు, దవనం మన నేలలోనే పండుతాయి. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఈ పంటల మీద పనిచేస్తోంది. మైనం దిగుమతిది, వాసన దిగుమతిది, గ్లాసు బయటిది అయితే మన ఆడవాళ్లకు మిగిలేది పోసే కూలి ఒక్కటే.

మొక్కల మైనానికి పొగ రాదని చెప్పి అమ్ముతారు. అది నిజం కాదు. వత్తి పొడవు పెరిగినా, గాలి తగిలినా ఏ మైనమైనా మసి కక్కుతుంది. వత్తిని పావు అంగుళానికి కత్తిరించి వెలిగించమని కొనేవాళ్లకు చెప్పండి. నిజం చెప్పి అమ్మిన సరుకుకే రెండోసారి గిరాకీ వస్తుంది.

వంటనూనెను వెలిగించడం న్యాయమేనా?

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతిదే. ఇలాంటి దేశంలో సోయా నూనెనో, కొబ్బరి నూనెనో గడ్డకట్టించి వాసన కోసం కాల్చడం మాకు మింగుడు పడదు. ఆకలి తీరిన దేశాల లెక్క వేరు.

సోయా రైతుకు దీనివల్ల ఒరిగేది కూడా ఏమీ లేదు. సోయా గింజలో నూనె అయిదో వంతు లోపే, మిగతాదంతా చెక్క. కోళ్ల దాణాకు, ఎగుమతికి చెక్క పలికే ధరే గింజ ధరను నడిపిస్తుంది. 2025-26కు సోయా మద్దతు ధర 5,328 రూపాయలు ప్రకటించారు. మద్దతు ధరకు కొనే కేంద్రం సకాలంలో తెరవకపోతే పట్నంలో ఎన్ని సోయా కొవ్వొత్తులు వెలిగినా మార్కెట్ యార్డులో రైతు ముఖంలో వెలుగు రాదు.

తవుడు మైనం అలా కాదు. అది తిండిలోంచి లాక్కున్నది కాదు, తిండికి పనికిరాదని తీసేసినది. ఆ నూనె వంటింటికే వెళుతుంది, ఆ వరి అన్నానికే వెళుతుంది, మిగిలిన మైనమే వెలుగుతుంది. ఒక్క ఎకరం పంట మార్చనక్కర్లేదు, ఒక్క బోరు అదనంగా వేయనక్కర్లేదు. అందుకే మేం దీన్ని మొదటి స్థానంలో పెడుతున్నాం.

ఎంత వస్తుందో కూడా దాచకుండా చెప్పాలి. టన్ను ధాన్యం మరపడితే సుమారు 80 కిలోల తవుడు. అందులో నూనె పదిహేను నుంచి ఇరవై శాతం, అంటే 12 నుంచి 16 కిలోలు. ఆ నూనెలో మైనం నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు. అంటే టన్ను ధాన్యానికి పావు కిలో నుంచి అర కిలో పైచిలుకు. ఏ ఒక్క రైతూ దీనితో ధనవంతుడు కాడు. కానీ లక్ష టన్నుల ధాన్యం ఆడించే ప్రాంతంలో ఇది పాతిక నుంచి అరవై టన్నుల మైనం. మైనం ఇంతైతే నూనె ఎంత, చెక్క ఎంత, ఊక ఎంత, నూకలు ఎంత? ఇవన్నీ మన ధాన్యం కడుపులోనివే.

లెక్క ఎక్కడ ఆగిపోతోంది

సీఎంఆర్ పద్ధతి మనకు తెలుసు. ప్రభుత్వం మన దగ్గర ధాన్యం కొని మిల్లుకు ఇస్తుంది. మిల్లరు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. మరపట్టినందుకు నామమాత్రం చార్జీ ఇస్తారు. తవుడు, నూకలు, ఊక మిల్లరుకే. చార్జీ తక్కువ కదా, అవి ఉంచుకోనివ్వండి అన్నది పాత ఒప్పందం. తవుడు గేదెలకు వేసిన రోజుల్లో అది సరిపోయిందేమో. ఇప్పుడు అదే తవుడు నూనె మిల్లుకు, అక్కడి నుంచి రిఫైనరీకి, అక్కడి నుంచి మైనమై మందుల కంపెనీకి పోతోంది. విలువ పెరిగిన ప్రతి మెట్టూ రైతు చేయి దాటిన తర్వాతే. దీపం కింద చీకటి అంటే ఇదే.

పామాయిల్ లెక్క ఇంకా స్పష్టం. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో వంటనూనెల జాతీయ మిషన్ ప్రకటించింది. దాని ప్రకారం గెలల ధర ముడి పామాయిల్ ధరలో 14.3 శాతం. నూరు కిలోల గెలల్లో ఓఈఆర్ 19 వస్తుందనుకుంటే, ఆ 19 కిలోల్లో 14.3 కిలోల విలువ రైతుది, మిగతాది మిల్లుది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఈ లెక్క ముడి నూనె దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చే పామోలిన్, స్టియరిన్, సబ్బు సరుకు, మైనం, వీటిలో దేని మీద వచ్చిన లాభమూ ఈ 14.3లో లేదు.

ఇప్పుడు గెలకూ గ్లాసుకూ ముడి పెట్టి చూడండి. కిలో గెలల నుంచి 190 గ్రాముల నూనె. మైనంగా మారిస్తే సుమారుగా ఒక గ్లాసు కొవ్వొత్తి. 2022 వేసవిలో టన్ను గెలలు 23 వేల దాకా వెళ్లి, మరుసటి ఏడాదికి 13 వేల దగ్గరికి పడిపోయాయి. అంటే కిలో 23 రూపాయలు ఉన్న రోజునా, 13 రూపాయలకు పడిన రోజునా పట్నంలో ఆ గ్లాసు ధర ఒక్కటే. పది రూపాయలు మన జేబులోంచి పోయాయి, కొనేవాడికి ఒక్క రూపాయి తగ్గలేదు.

ఆ పది రూపాయలు ఎందుకు పోయాయి? 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా ఎగుమతులు ఆపేసింది, ధర ఎగిరింది. నెల తిరక్కుండా మళ్లీ తెరిచింది, పడిపోయింది. మన గెల ధర కౌలాలంపూర్ బజారులో, ఢిల్లీ దిగుమతి సుంకం కాగితం మీద తయారవుతోంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకం 20 శాతం వేశారు, గెలల ధర కోలుకుంది. 2025 మే చివర దాన్ని 10కి తగ్గించారు. ఒక చేత్తో తోటలు పెంచమంటారు, రెండో చేత్తో దిగుమతికి గేటు తీస్తారు.

దానికి తోడు గెల కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరాలి, లేకపోతే నూనె నాణ్యత చెడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1993లో చేసిన చట్టం ప్రకారం ఏ జోన్ రైతు ఆ జోన్ ఫ్యాక్టరీకే ఇవ్వాలి. వేరే చోట అమ్ముకునే దారి లేని రైతుకు బేరం ఎక్కడిది? అందుకే లెక్క రాసే పుస్తకంలోనే వాటా ఉండాలంటున్నాం.

పామ్ మీద నింద గురించి

"పామ్ కలపలేదు" అని గొప్పగా రాసుకునే వాళ్లకు కూడా జవాబు చెప్పాలి. ఇండోనేషియా, మలేషియాలో అడవులు నరికి తోటలు వేశారు, అది నిజం. యూరప్ 2023లో అడవుల నరికివేతతో ముడిపడిన సరుకును అడ్డుకునే చట్టం చేసింది. అందులో పామాయిల్ ఒక్కటే లేదు, సోయా కూడా ఉంది. బ్రెజిల్‌లో సోయా కోసం నరికిన నేల గురించి సోయా గ్లాసు మీద ఎవరూ రాయరు.

గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో పామ్ తోటలు వచ్చింది ఎక్కువగా చెరకు, పొగాకు, వరి, మామిడి, జీడిమామిడి వేసిన పట్టా భూముల్లో. ఈ తేడా ప్రపంచానికి చెప్పే పని ప్రభుత్వానిది, ఏలూరు దగ్గర పెదవేగిలో ఉన్న జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థది. అదే సమయంలో మన వైపు నిజం కూడా మనమే చెప్పుకోవాలి. వేసవిలో పామ్ చెట్టు రోజుకు రెండు మూడు వందల లీటర్ల నీళ్లు తాగుతుంది. బోర్లు ఎండే మెట్టలో కొవ్వొత్తుల గిరాకీ చూపించి కొత్త తోటలు పెట్టమనే వాళ్ల మాట మేం సమర్థించం. ఉన్న తోటల నుంచి వచ్చే స్టియరిన్‌కు మంచి విలువ తేవడం వేరు, మైనం కోసం తోటలు వేయడం వేరు.

మనం అడగాల్సింది

ఈ చర్చను ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో పెట్టమని కోరుతున్నాం. మా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. పామాయిల్ ధర సూత్రాన్ని ముడి నూనె దగ్గర ఆపకూడదు. శుద్ధి, విడదీత తర్వాత వచ్చే సరుకుల విలువలోనూ గెలలిచ్చిన రైతుకు వాటా రాయాలి. ప్రైవేటు కంపెనీలు ఒప్పుకోవని ముందే చేతులెత్తేయొద్దు. సహకార రంగంలో మొదలుపెట్టి చూపించవచ్చు. తెలంగాణ ఆయిల్‌ఫెడ్‌కు అశ్వారావుపేట, అప్పారావుపేటలో మిల్లులున్నాయి, సిద్దిపేట జిల్లా నర్మెట్టలో ఫ్యాక్టరీ చేపట్టింది. ఆంధ్రలో పెదవేగి మిల్లు ఉంది. వీటిలో స్టియరిన్ విడదీసే యూనిట్ పెట్టి, ఆ మైనాన్ని స్వయం సహాయక సంఘాలకు నేరుగా కిలోల లెక్కన అమ్మాలి. మధ్యలో ముగ్గురు వ్యాపారులు అక్కర్లేదు.

రెండు. సీఎంఆర్‌లో తవుడు, నూకలు, ఊక విలువ ఎంతో ప్రతి సీజన్‌కు ప్రభుత్వం లెక్కగట్టి బయటపెట్టాలి. మరపట్టే ఖర్చు పోగా మిగిలినది ధాన్యం అమ్మిన రైతుకు బోనస్‌గా రావాలి.

మూడు. ఆముదాన్ని కనీస మద్దతు ధర జాబితాలో చేర్చాలి. ప్రపంచానికి మనమే ఇచ్చే పంటకు మన దగ్గరే ధర లేకపోవడం సిగ్గుచేటు.

నాలుగు. కొవ్వొత్తి మీద ఏ నూనె మైనం, ఎంత శాతం, ఏ దేశానిది, పారఫిన్ ఎంత కలిపారు అన్నది రాయాలి. పర్యావరణం పేరుతో అబద్ధపు ప్రచారం చేయకూడదని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఈ సరుకు మీద అమలు చేయమని అడగాలి. కల్తీ బయటపడితే నిజమైన మొక్కల మైనానికి ధర వస్తుంది.

అయిదు. శిక్షణ ఇచ్చే వాళ్లు అమ్మకం బాధ్యత కూడా తీసుకోవాలి. నేర్పించి, అప్పు ఇప్పించి, ఫొటో దిగి వెళ్లిపోయే శిక్షణలను మన గ్రామ కమిటీలు ప్రశ్నించాలి. మైనం ధర, గ్లాసు ధర, వత్తి, వాసన, రవాణా విడివిడిగా కాగితం మీద రాయించుకున్న తర్వాతే సంతకం పెట్టమని మన అక్కచెల్లెళ్లకు చెప్పండి.

కొవ్వొత్తి చిన్న వస్తువే. కానీ పంట మన పొలం దాటాక ఎన్ని పేర్లు మారుస్తుందో, ప్రతి పేరుకూ ధర ఎలా పెరుగుతుందో అది కళ్లకు కట్టినట్టు చూపిస్తోంది. ఇదే లెక్క పత్తి గింజ మీద వేయండి, మొక్కజొన్న పిండి మీద వేయండి, మిరప రంగు మీద వేయండి. మీ ప్రాంతంలో మీ పంట ఎక్కడెక్కడికి పోతోందో, ఏ పేరుతో ఎంతకు అమ్ముడవుతోందో కనుక్కుని జిల్లా కమిటీకి రాసి పంపండి. గిట్టుబాటు ధర అడగడానికి మన చేతిలో నినాదంతో పాటు లెక్క కూడా ఉండాలి.